కత్తెర పట్టడానికి కప్పమెంత?

ఈ సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని సంపాదక మిత్రులు నోటీసు బోర్డులో పెట్టినప్పుడల్లా మా బి.ఎస్సీ. వాళ్ళం ఏం చేస్తామో అందరికీ తెలిసిందే. "అణుశక్తి - శాంతి ప్రయోజనాలు" అనో, "కాలుష్యం - మానవాళి" అనో లైబ్రరీ పుస్తకంలోంచి మూడు పేజీలు దించి ఇస్తాం. కిందటేడు నేనూ అలాంటిదే ఒకటి ఇచ్చాను. (ఓజోన్ పొర మీద. చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే మన్నించాలి.) ఈ ఏడు మాత్రం నా బుర్రలో తిరుగుతున్న విషయం వేరే. వ్రాస్తే లెక్చరర్లు ఏమనుకుంటారో, హాస్టల్లో ఏం పేరు పెడతారో అన్న సంకోచం లేకపోలేదు. అయినా వ్రాస్తున్నాను.

నేను క్షౌరవృత్తి నేర్చుకోవాలనుకుంటున్నాను. అంటే కటింగు, షేవింగు, జుట్టుకు రంగు వేయడం, ఈ పని మొత్తం. అందుకోసం కిందటి వేసవి సెలవుల నుంచి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్ళూ తిరిగాను. రైలు దారి మూడింటికీ ఒకటే కాబట్టి తిరగడం కష్టం కాలేదు. నా దగ్గరున్న డబ్బుకు నేర్పేవాళ్ళు దొరకడమే కష్టమైంది.

ముందు "ఎందుకు" అన్నదానికి జవాబు చెప్పుకోవాలి. మాది పెనుకొండకు దగ్గర పల్లె. ఐదెకరాల మెట్ట. వాన వస్తే శెనక్కాయ, రాకపోతే అప్పు. మా ప్రాంతానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన అని పుస్తకాల్లో ఉంటుంది. అది సగటు. సగటు ఎంత మోసకారి అంకో స్టాటిస్టిక్స్ సార్ నాకు చెప్పకముందే మా నాయనకు తెలుసు. నేను డిగ్రీ పూర్తి చేసి, ఆ పైన బి.ఇడి. చేసి, ఆ పైన డి.ఎస్సీ. నోటిఫికేషన్ కోసం ఎదురు చూడాలి. మా ఊళ్ళో నాకంటే ముందు చదివిన అన్నలు ముగ్గురు ఆ ఎదురుచూపులోనే ఉన్నారు. ఒకాయనకు అప్పుడే నెత్తి మీద జుట్టు పలచబడింది. నాకు మటుకు ఈ మధ్యకాలంలో నాలుగు డబ్బులు తెచ్చే చేతిపని ఒకటి కావాలి. చదువు మానేసి కాదు, చదువుతోబాటే.

మరి కత్తెరే ఎందుకంటే, అది నా చేతికి అలవాటైంది. 2020లో లాక్‌డౌన్ పెట్టి అంగళ్ళన్నీ మూసేసినప్పుడు మా నాయనకూ తమ్మునికీ నేనే ఇంట్లో కత్తెరతో కత్తిరించాను. మొదటిసారి ఎలుకలు కొరికినట్టుంది. మూడోసారికి మా అమ్మ "ఫరవాలేదు, మనిషి మాదిరే ఉన్నాడు" అంది. హాస్టలుకు వచ్చాక ఒక ట్రిమ్మర్ కొన్నాను. ఆదివారం పూట మా వరండాలో కుర్చీ వేస్తే నలుగురైదుగురు కూర్చుంటారు. వాళ్ళిచ్చే టీ డబ్బులు నా జేబు ఖర్చు. కానీ ట్రిమ్మర్‌తో అందరికీ ఒకే రకంగా దొరలించడం వేరు, పని రావడం వేరు. సుడి ఎటు తిరిగిందో చూసుకుని కత్తెర ఎటు నడపాలో నాకు తెలియదు. చెవి వెనక కత్తి పెట్టాలంటే ఇప్పటికీ నా చెయ్యి వణుకుతుంది.

ఇంకో కారణం కూడా ఉంది, సైన్సు వాళ్ళు నవ్వకూడదు. మన కెమిస్ట్రీ ఇంత దగ్గరగా మనిషి నెత్తి మీద ఇంకెక్కడా కనపడదు. వెంట్రుక అంటే కెరాటిన్ అనే ప్రొటీను. అందులో గంధకం పరమాణువుల మధ్య ఉండే డైసల్ఫైడ్ బంధాలే వెంట్రుకకు ఆకారం ఇస్తాయి. జుట్టు ఉంగరాలు తిప్పేవాళ్ళు థయోగ్లైకొలేట్‌తో ఆ బంధాలు విడగొట్టి, కావలసిన ఆకారంలో చుట్టి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో మళ్ళీ కలుపుతారు. అది ఆక్సీకరణం, క్షయకరణం. మనం పరీక్షలో ఐదు మార్కులకు వ్రాసేదే. నల్లరంగుల్లో ఎక్కువ వాటిలో ఉండే పారాఫినిలీన్‌డయమీన్ కొందరికి పడదు, మొహమంతా వాచిపోతుంది. అందుకే ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో కొంచెం పూసి చూడాలి. జుట్టు సాపు చేసే మందులు కొన్నింటిని వేడి చేస్తే ఫార్మాల్డిహైడ్ ఆవిరి లేస్తుంది. ల్యాబులో ఆ సీసా మూత తీస్తే మనం ముక్కు మూసుకుంటాం. తలుపులు బిగించిన ఏ.సీ. గదిలో రోజుకు పది గంటలు దాన్ని పీల్చే పిల్లవానికి దాని పేరు కూడా ఎవరూ చెప్పరు. ఒకరికి వాడిన బ్లేడు ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి పాకవచ్చునన్న సంగతీ అంతే. ఇదంతా తెలిసిన మనిషి ఒకడు కుర్చీ వెనక నిలబడితే తప్పేమిటి?

ఇక వెతుకులాట సంగతి.

మొదట హిందూపురం వెళ్ళాను, తెలివితక్కువగా ఆదివారం నాడు. బెంచీల మీద జనం, బయట మోటారు సైకిళ్ళ మీద జనం. మూడు కుర్చీలున్న ఒక అంగట్లో, అన్నా పని నేర్చుకుందామని వచ్చాను అంటే, చేతిలో కత్తెర ఆపకుండానే ఆయన, "ఆదివారం గొరిగిచ్చుకునేటోడు వస్తాడప్పా, నేర్సుకునేటోడు కాదు. మంగళవారం రాపో" అన్నాడు. మంగళవారం వాళ్ళకు సెలవు. నిజమే కదా అని సిగ్గుపడి, ఆ వారం ఒక ప్రాక్టికల్ ఎగ్గొట్టి మంగళవారం మళ్ళీ వెళ్ళాను. (ప్రాక్టికల్ సార్ ఈ వాక్యం దగ్గర ఆగకుండా ముందుకు పోవాలని ప్రార్థన.)

ఈసారి ఒక అద్దాల తలుపుల అకాడమీకి కూడా పోయాను. లోపల చల్లగా ఉంది. మంచి నీళ్ళిచ్చారు. మూడు నెలల కోర్సుకు 60,000 రూపాయలన్నారు. కత్తెరలు, దువ్వెనలు, ప్లాస్టిక్ తల బొమ్మ, ఏప్రాన్ అన్నీ కలిపి కిట్టు 12,000 వేరే. సర్టిఫికెట్టు ఇస్తారు. 72,000 అంటే మా ఇంట్లో విత్తనం కాయల నుంచి కలుపు కూలీల దాకా ఒక పంటకు పెట్టే దాంట్లో దాదాపు సగం. ఆ పంట చేతికి రావచ్చు, రాకపోవచ్చు. "కంతుల్లో కట్టొచ్చు" అని ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. బెంగుళూరులో ఒకచోటికి ఫోను చేసి అడిగితే లక్షన్నర అన్నారు. అప్పటికి హిందూపురం చవకగానే తోచింది!

మూడు కుర్చీల అన్న మాట వేరే రకం. 15,000 ఇస్తే ఆరు నెలలు పక్కన నిలబడనిస్తానన్నాడు. మొదటి మూడు నెలలు వెంట్రుకలు ఊడ్చడం, తువ్వాళ్ళు ఉతకడం, టీ తేవడం. తర్వాత రద్దీ లేనప్పుడు చిన్నపిల్లల తలలు. కాగితం ఏదీ ఉండదు. "మా చుట్టాల పిల్లోళ్ళకైతే ఏమీ తీసుకోను. వాళ్ళు నాకాడే తిని నాకాడే పడుకుంటారు. నువ్వు నేర్సుకోని రేపు ఎదురుగా అంగడి పెడితివనుకో, నేనేం చేయల్ల?" అన్నాడు. ఆయన్ను తప్పు పట్టలేకపోయాను. డబ్బు తీసుకుని మరీ మూడు నెలలు ఊడిపించుకోవడం ఏమిటని రైల్లో కూర్చున్నాక మాత్రం కోపం వచ్చింది. పూర్వం పాళెగాళ్ళు దారి విడవడానికి కప్పం అడిగేవారట. ఇదీ అలాంటిదే అనిపించింది.

ధర్మవరంలో మా మేనత్త ఉంది. ఆమె ఇంట్లో రెండు రోజులుండి ఐదారు అంగళ్ళు చూశాను. ఒకచోట పని చేసే కుర్రవాడు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చాడు. నా వయసే. నువ్వెక్కడ నేర్చుకున్నావని అడిగితే, నాకొచ్చిన హిందీలో అర్థమైనంతవరకు, "మా అన్న దగ్గర" అన్నాడు. డబ్బులిచ్చావా అంటే నవ్వాడు. ఇక్కడ కూడా అదే లెక్క. రక్తసంబంధం ఉన్నవాడికి ఉచితం, లేనివాడికి అకాడమీ. మధ్యలో మెట్టు లేదు.

ఆ కుర్చీలో గడ్డం గీయించుకుంటున్న పెద్దాయన ఒకరు పట్టుచీరెలు నేసే మనిషి. మా మాటలు విని, నురగ మధ్యలోంచే, "మా మగ్గం కాడ నేర్సుకునే పిల్లోడికి మేమే ఏదో ఒకటి ఇస్తాం గానీ వాని దగ్గర దుడ్లు గుంజము. వాడు పక్కన కూసుని కండెలు చుట్టినా మాకు పనే కదా. ఇదేం ఇడ్డూరం?" అన్నాడు. అంగడి యజమాని వెంటనే, "మగ్గం కాడ నూలు తెగితే ముడేసుకుంటావు పెద్దాయనా, ఈడ చెవి తెగితే ముడెయ్యలేను" అన్నాడు. అంగడంతా నవ్వింది. నాకు మటుకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది. నేర్చుకునేవాడు కూడా పనివాడే, వాని చెమటకు విలువ ఉంది. నేర్పేవాడికి నష్టం ఉంది, ఆ నష్టం ఎవరో ఒకరు భరించాలి.

(నేత, క్షౌరం అంటే గుర్తొచ్చింది. బట్టల మిల్లుల చరిత్రలో మొదట వచ్చే రిచర్డ్ ఆర్క్‌రైట్ పేరు మనం పదో తరగతిలో బట్టీ పట్టాం. 1769లో నూలు వడికే యంత్రానికి పేటెంటు తీసుకున్న ఆ మనిషి మొదట క్షురకుని దగ్గర పని నేర్చుకున్నవాడు. జుట్టు కొని విగ్గులు చేసేవాడు. ఆ ముక్క మా పాఠంలో లేదు.)

సరే, ప్రభుత్వం ఏమంటున్నదో చూద్దామని లైబ్రరీలో కూర్చున్నాను. మన దేశంలో అప్రెంటిస్ చట్టం 1961లోనే వచ్చింది. నేర్చుకునేవాడికి యజమాని నెలనెలా స్టైపెండు ఇవ్వాలనేది దాని సారాంశం. అంటే ధర్మవరం పెద్దాయన చెప్పిన మగ్గం న్యాయమే చట్టం కూడా చెబుతోంది! 2016లో కేంద్రం మొదలుపెట్టిన అప్రెంటిస్ ప్రోత్సాహక పథకంలో ఆ స్టైపెండులో పావు వంతు, నెలకు 1,500 రూపాయల దాకా, ప్రభుత్వమే భరిస్తానన్నది. చదువుతుంటే ఉత్సాహం వచ్చింది. తర్వాత 2019 నాటి సవరణ చూశాను. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది దాకా ఉన్నవి ఇష్టమైతే తీసుకోవచ్చు. నలుగురి కంటే తక్కువ ఉన్న అంగడికి ఆ తలుపే లేదు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా నేను ఎక్కి దిగిన అంగళ్ళలో నలుగురు పనివాళ్ళున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. రెండు కుర్చీలు, ఒక తండ్రి, ఒక కొడుకు. అరవై ఏళ్ళ పైబడిన ఆ చట్టం మా పెనుకొండ బజారులోకి ఇంకా అడుగు పెట్టలేదు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకం ఉంది. అందులో 18 చేతివృత్తులు, వాటిలో క్షౌరవృత్తి ఒకటి. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000, ఆ పైన ఐదు శాతం వడ్డీకి అప్పు. మంచిదే. కాని అది ఇప్పటికే ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకు. వారం రోజుల్లో చెయ్యి తిరిగినవాడు మెరుగుపడతాడేమో గాని కొత్తవాడు పని నేర్వలేడు. ఐ.టి.ఐ.ల్లో కాస్మెటాలజీ అని ఏడాది కోర్సు ఉంది. దానికి పోవాలంటే డిగ్రీ మానుకోవాలి. అసలు ఆశ పెట్టుకోదగ్గవి గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రుడ్‌సెట్ నమూనాలో వచ్చినవి ఇవి. అనంతపురంలోనూ రుడ్‌సెట్ ఉంది. పల్లెటూరి పేదపిల్లలకు శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. ఈ సంస్థలు నేర్పే పనుల్లో ఆడవాళ్ళ బ్యూటీ పార్లరే కాదు, మగవాళ్ళ సెలూన్ పనీ ఉంది. నెల రోజుల పైచిలుకు కోర్సు. నాకు అడ్డొచ్చింది 75 శాతం హాజరు ఒక్కటే. సెమిస్టర్ మధ్యలో నెల రోజులు పోతే పరీక్షకు కూర్చోనివ్వరు. చదువు మానేసిన మా పెదనాన్న కొడుక్కు మాత్రం అక్కడికి పొమ్మని గట్టిగా చెప్పాను. ఈ వ్యాసం చదివే జూనియర్లలో ఎవరి తమ్ముడికైనా చెల్లెలికైనా పనికొస్తుందనే ఇంత వివరంగా వ్రాస్తున్నాను.

అయితే నెల రోజుల తర్వాత ఏమిటి? కత్తెర పట్టుకోవడం నెలలో వస్తుంది, చెయ్యి కుదరడానికి రెండేళ్ళు కావాలి. ఇది నా మాట కాదు, పెనుకొండ పెద్దాయన మాట. ఆయన దగ్గరికే వస్తున్నాను.

ఆయన అంగడి చాలా పాతది. ఒకటే కుర్చీ, దాని తోలు చిరిగితే గోనెపట్టతో కుట్టారు. నేను పోయిన మంగళవారం ఆయన తలుపు సగం తెరిచి కత్తెరలకు నూనె వేసుకుంటున్నాడు. తాతా, పని నేర్పిస్తావా అన్నాను. ఎవరింటివాడివని అడిగాడు. చెప్పాను. ఊరి పేరు, తాత పేరు విన్నాక చాలాసేపు మాట్లాడలేదు.

"మీ తాత తలకాయ మా నాయన చేసేవాడు. మీ పెండ్లిండ్లలో డోలు నేను వాయించినా" అన్నాడు.

ఇక్కడ నేను మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది. మా పల్లెల్లో పంట నూర్చేటప్పుడు ఆయగాళ్ళకు కల్లం దగ్గర మేర కొలిచేవారు. వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, క్షురకునికి. ఏడాదంతా చేసిన చాకిరీకి అదే జీతం. మా తాత కొలిచేది చివర్లో, మట్టి కలిసిన అడుగు కాయల్లోంచి అని మా అవ్వ ఇప్పటికీ చెబుతుంది. క్షౌరం చేయడానికి వచ్చే ఆ ముసలాయన మా తాత కంటే పెద్దవాడు. అయినా మా తాత ఆయన్ని "ఒరే" అనేవాడు, ఆయన మా తాతను "సామీ" అనేవాడు. ఇంట్లోకి రానిచ్చేవాళ్ళు కాదు, పశువుల కొట్టం పక్కన కూర్చునేవాడు. ఆ కులం పేరు మా ఊళ్ళో తిట్టు. ఆ మాట ఇక్కడ వ్రాయను. ఆ ముసలాయన కొడుకు దగ్గరికి నేను ఇప్పుడు పని నేర్పమని పోయాను.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. "భూములు మీవి, ఉద్యోగాలూ మీవే ఆయె. ఇప్పుడు ఈ కత్తెర కూడా మీకే కావల్నా నాయనా?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. భూమి ఉన్నా తిండి గింజలు లేవని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన దగ్గర ఆ భూమి కూడా లేదు కదా.

ఆ ప్రశ్నను నేను తప్పించుకోదలచుకోలేదు. నాయీ బ్రాహ్మణ సోదరులు తరతరాలుగా అవమానం భరించి నిలబెట్టుకున్న వృత్తి ఇది. నాలుగు డబ్బులు కనబడే వేళకు పెట్టుబడి ఉన్నవాళ్ళు వచ్చి అద్దాల తలుపులు పెట్టి కుర్చీలు వేస్తున్నారు. కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక పెనుకొండ చుట్టుపక్కల కొత్త మనుషులు వచ్చారు, కొత్త అంగళ్ళు వచ్చాయి. గోనెపట్ట కుర్చీ ముందు మాత్రం క్యూ పెరగలేదు. ఆ పెద్దాయన కొడుకు బెంగుళూరులో ఇంకొకరి సెలూన్లో జీతానికి ఉన్నాడు. అకాడమీకి 60,000 కట్టి సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాడు నిపుణుడట, యాభై ఏళ్ళు కత్తెర పట్టిన మనిషి చేతిలో కాగితం లేదు కాబట్టి ఎవరికీ నేర్పే అర్హత లేనివాడట. ఇదెక్కడి న్యాయం?

నా అభిప్రాయం ఇది. కత్తెర నేర్చుకోవాలనుకునే పిల్లవాడు డబ్బు కట్టకూడదు. నేర్పే పెద్దాయన ఉత్తినే నేర్పకూడదు. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఖర్చును చట్టం భరించాలి. పది చిన్న అంగళ్ళను కలిపి ఒక సంస్థగా లెక్కగట్టి అప్రెంటిస్ చట్టం కిందికి తెస్తే స్టైపెండు ఇవ్వడానికి దారి దొరుకుతుంది. అందులో సగం నేర్చుకునేవాడికి, సగం నేర్పినవాడికి ఇచ్చినా చాలు. నేర్పేవాడికి "శిక్షకుడు" అన్న గుర్తింపు కాగితం మీద ఇవ్వాలి. మొదటి స్థానాలు ఆ వృత్తి కుటుంబాల పిల్లలకే పోవాలి, నాబోటివాడు ఆ తర్వాతే. దీనివల్ల నాకు సీటు ఆలస్యమవుతుంది. అయినా సరే.

ఇదేదో పగటికల అనుకునేవాళ్ళకు ఒక ముక్క చెబుతాను. జర్మనీలో క్షౌరవృత్తి మూడేళ్ళ అప్రెంటిస్ చదువు. వారంలో కొన్ని రోజులు అంగట్లో, కొన్ని రోజులు బడిలో. జుట్టు కెమిస్ట్రీ, చర్మం, లెక్కలు అన్నీ చెబుతారు. నేర్చుకునేవాడికి జీతం వస్తుంది. 2020లో అక్కడ అప్రెంటిస్‌లకు కనీస భత్యం చట్టం అమలులోకి వచ్చింది, ఆ ఏడాది చేరినవాళ్ళకు మొదటి సంవత్సరం నెలకు 515 యూరోలు. పెద్దపరీక్ష పాసైన క్షురకుడు అక్కడ "మాస్టర్". మన దగ్గర ఆ మాట ఇంజనీరింగు కాలేజీకే సరిపోయింది.

మన విద్యార్థి సంఘం ఏటా బస్ పాసుల గురించి, హాస్టల్ మెస్సు గురించి కొట్లాడుతుంది, అవసరమే. ఈసారి మునిసిపాలిటీలకూ జిల్లా నైపుణ్యాభివృద్ధి అధికారులకూ ఇచ్చే వినతిపత్రాల్లో ఈ సంగతి కూడా ఒకటి చేర్చమని కోరుతున్నాను. సాయంత్రం పూట, సెలవు రోజుల్లో చేతిపని నేర్చుకునే విద్యార్థికి హాజరు విషయంలో కొంత సడలింపు ఇవ్వడం మన అధ్యాపకుల చేతిలో ఉన్న పని. కెమిస్ట్రీ డిపార్టుమెంటు వారు తలచుకుంటే ఒక మంగళవారం మధ్యాహ్నం ఈ వృత్తివారిని పిలిచి, రంగుల సీసాల మీద సన్నక్షరాలతో ఉండే పేర్లు ఏమిటో, ఏది పీలిస్తే ఏమవుతుందో తెలుగులో చెప్పవచ్చు. దానికి బడ్జెట్టు అక్కర్లేదు, టీ ఖర్చు చాలు.

పెనుకొండ పెద్దాయన చివరికి ఏమన్నాడో చెప్పలేదు కదూ. మంగళవారాలు రమ్మన్నాడు. డబ్బు వద్దన్నాడు. ఒక బెలూన్ ఊది, దాని మీద సబ్బు నురగ పూసి, పగలకుండా కత్తితో గీకమన్నాడు. ఇప్పటికి పదకొండు బెలూన్లు పగిలాయి. పన్నెండోది సగం దాకా వచ్చింది.

ఒక షరతు మాత్రం పెట్టాడు. కుర్చీ దగ్గరికి నన్ను రానిచ్చే ముందు మా నాయన ఒకసారి ఆ అంగడికి రావాలి, వచ్చి ఆ బెంచీ మీద పక్కన కూర్చుని, "మా పిల్లోడికి పని నేర్పించన్నా" అని నోటితో అడగాలి. అంతే.

మా నాయనకు చెప్పాను. మొదట "మనకెందుకురా ఆ పని" అన్నాడు. తర్వాత మాట్లాడలేదు. కిందటి వారం మళ్ళీ అడిగితే, శెనక్కాయ పీకే పని ఉంది, అది కానీ అన్నాడు. ఈ ఆదివారానికి పీకడం అయిపోతుంది.